విదేశాలకు ఇంగ్లిష్ పరీక్ష: ఫీజు కట్టే ముందు తెలుసుకోవాల్సినవి

ఇంట్లో అబ్బాయి లండన్‌లో ఎమ్మెస్సీ చేస్తానంటాడు. అమ్మాయి నర్సింగ్ పూర్తిచేసి బ్రిటన్‌లోనే ఉద్యోగం చూసుకుంటోంది. ఇద్దరికీ ఇంగ్లిష్ పరీక్ష కావాలి. అయితే ఇద్దరూ ఒకే పరీక్ష రాయాలనేం లేదు. స్నేహితులు రాశారని ఏదో ఒకటి బుక్ చేస్తే వేల రూపాయల ఫీజు వృథా అవుతుంది. ముందు దేశం, కోర్సు లేదా ఉద్యోగం, వీసా తేల్చుకోవాలి. ఆ తర్వాతే పరీక్ష.

ఐఈఎల్‌టీఎస్‌లో రెండు రకాలు

1989లో మొదలైన ఈ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు విభాగాలుంటాయి. స్కోరు 9 బ్యాండ్ల వరకు. యూనివర్సిటీ చదువుకు అకడమిక్, కెనడా పీఆర్‌కు జనరల్ ట్రైనింగ్ రాయాలి. ఒకదాని బదులు మరొకటి చెల్లదు. బ్రిటన్ వీసా కోసమైతే యూకేవీఐ రకం అవసరమా అన్నది కూడా ముందే చూసుకోవాలి.

మొత్తం స్కోరే చాలదు

నాలుగు విభాగాల్లో 6.5, 6.5, 5, 7 వస్తే మొత్తం 6.5 అవుతుంది. కానీ ప్రతి విభాగంలో కనీసం 6 అడిగే చోట ఆ 5 దగ్గరే ఆగిపోతారు. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ రాయడంలో 6.5, మిగతా మూడింటిలో 7 చొప్పున అడుగుతుంది. వైద్య సిబ్బంది కోసమే ఉన్న ఓఈటీని కూడా ఒప్పుకుంటుంది. అందులో రాయడంలో సీ ప్లస్, మిగతావాటిలో బీ గ్రేడ్ రావాలి.

అమెరికా, గల్ఫ్

అమెరికా స్టూడెంట్ వీసాకు ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక స్కోరు పెట్టలేదు. టోఫెల్, పీటీఈ, డ్యుయోలింగో లాంటి వాటిలో ఏది కావాలో యూనివర్సిటీయే చెబుతుంది. సౌదీకి వెళ్లే నర్సులకు ముఖ్యమైనవి డేటాఫ్లో తనిఖీ, ప్రొమెట్రిక్ పరీక్ష.

నిఖా తర్వాత వెళ్లేవారికి

బ్రిటన్‌లో స్థిరపడిన భర్త లేదా భార్య దగ్గరికి వెళ్లేందుకు తొలి వీసాకు ఏ1 స్థాయి సరిపోతుంది. ఇందులో వినడం, మాట్లాడటం మాత్రమే చూస్తారు. రాత పరీక్ష ఉండదు.

పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అలాగే

మన ఇళ్లలో ఎక్కువగా ఇబ్బంది వచ్చేది ఇక్కడే. పదో తరగతి మెమోలో 'ఎండీ', పాస్‌పోర్టులో 'మహమ్మద్' అని ఉంటుంది. 'షేక్' ఒకచోట ముందు, మరోచోట చివర వస్తుంది. పరీక్షకు పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు ఇవ్వాలి. బుకింగ్‌లో ఇచ్చిన ఒరిజినల్ పాస్‌పోర్టునే సెంటర్‌కు తీసుకెళ్లాలి.

స్కోరు సాధారణంగా రెండేళ్లే చెల్లుతుంది. మరీ ముందుగా రాస్తే అడ్మిషన్ నాటికి గడువు దాటిపోవచ్చు. మైనారిటీ విద్యార్థులకు రూ.20 లక్షల వరకు ఇచ్చే తెలంగాణ సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కూ చెల్లుబాటయ్యే స్కోరు కావాలి.

'డబ్బులిస్తే స్కోరు ఇప్పిస్తాం' అనే ఏజెంట్లను నమ్మొద్దు. మోసం బయటపడితే పోయేది డబ్బు మాత్రమే కాదు, వీసా కూడా.