కేంబ్రిడ్జిలో పుట్టిన రేడియో

మసాచుసెట్స్‌లో చార్లెస్ నది ఒడ్డున ఉన్న కేంబ్రిడ్జి నేను కాపురముంటున్న ఊరు. హార్వర్డ్, ఎం.ఐ.టి. అనగానే ఈ ఊరు మన తెలుగువాళ్లందరికీ గుర్తొస్తుంది. చదువుల సంగతి అందరూ చెప్పేదే. ఇంట్లో కూర్చున్న మనిషికి కచేరీని కచేరీలా వినిపించాలని ఇక్కడివాళ్లు పడ్డ తాపత్రయం గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

ఆ కథ నదికి ఆవలి ఒడ్డున బోస్టన్ సింఫనీ హాలుతో మొదలవుతుంది. 1900లో తెరిచిన ఆ హాలు గోడల కొలతల మీద, ధ్వని ఎంతసేపు నిలవాలన్న దాని మీద లెక్కలు కట్టింది హార్వర్డ్ భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సాబిన్. అలాంటి హాలున్న ఊళ్లో జనం చెవులు మంచి శబ్దానికి అలవాటు పడ్డాయి.

ఆ శబ్దాన్ని చెడకుండా ఇంటికి చేర్చే దారి ఎఫ్.ఎం. రేడియో చూపింది. దాన్ని కనిపెట్టిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు పేటెంట్లు 1933లో వచ్చాయి. అంతకుముందున్న ఏ.ఎం. రేడియోలో ధ్వనిని బట్టి తరంగం ఎత్తు మారుతుంది. మెరుపులు, మోటార్లు పుట్టించే గరగర కూడా ఆ ఎత్తునే పట్టుకుని వస్తుంది. ఎఫ్.ఎం.లో మారేది తరంగం పౌనఃపున్యం. ఎత్తులో వచ్చే హెచ్చుతగ్గులను రిసీవర్‌లోని లిమిటర్ కత్తిరించేస్తుంది కనుక గరగర చాలావరకు పోతుంది. ధ్వని 15 కిలోహెర్ట్జ్ దాకా అందుతుంది. 1939లోనే మా రాష్ట్రంలోని పాక్స్‌టన్ కొండ మీద యాంకీ నెట్‌వర్క్ అనే రేడియో సంస్థ ఎఫ్.ఎం. కేంద్రం పెట్టింది. 1945లో ప్రభుత్వం ఎఫ్.ఎం. బ్యాండును పైకి జరపడంతో అప్పటిదాకా జనం కొనుక్కున్న సెట్లు పనికిరాకుండా పోయాయి. అయినా ఇక్కడ ఎఫ్.ఎం. చచ్చిపోలేదు. 1951 అక్టోబరు 6న డబ్ల్యు.జి.బి.హెచ్. ఎఫ్.ఎం. కేంద్రం తన తొలి ప్రసారంగా బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీని వినిపించింది.

కచేరీ గాలిలోకి వచ్చింది. దాన్ని అందుకోగల పెట్టె ఇళ్లలో ఉండాలి కదా! ఎం.ఐ.టి.లో చదువు ఆపేసిన హెన్రీ క్లాస్, న్యూయార్క్‌లో పాఠాలు చెప్పే ఎడ్గార్ విల్చర్ కలిసి 1954లో అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టారు. దాని చిరునామా మా ఊరి థార్న్‌డైక్ వీధి. స్పీకర్ కోన్‌ను వెనక్కి లాగడానికి బిగుతైన స్ప్రింగు బదులు, మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడడం విల్చర్ ఆలోచన. దాంతో చిన్న పెట్టెలోంచి కూడా లోతైన మంద్రం స్వచ్ఛంగా వచ్చింది.

క్లాస్ 1957లో ఇద్దరు మిత్రులతో కలిసి ఆ కంపెనీ నుంచి విడిపోయి కె.ఎల్.హెచ్. అనే కంపెనీ మొదలుపెట్టాడు. ఇదీ కేంబ్రిడ్జిలోనే, క్రాస్ వీధిలో. అక్కడినుంచి 1960లో వచ్చిన మోడల్ ఎయిట్ నా దృష్టిలో ఈ ఊరి గొప్ప వస్తువు. వాల్వులతో నడిచే ఎఫ్.ఎం. రేడియో అది. ఏ.ఎం. లేదు, స్టీరియో లేదు. స్పీకరుకు వేరే పెట్టె. ఆంప్లిఫయర్‌ను ఆ స్పీకరు స్వభావానికి సరిపోయేలా మలిచారు. స్పీకరు మంద్రంలో ఎక్కడ వెనకబడుతుందో అక్కడే ఆంప్లిఫయర్ అందుకుంటుంది. ట్యూనరు ఒకరిది, ఆంప్లిఫయరు ఒకరిది, స్పీకరు మరొకరిది కొని కలుపుకునే హైఫై రోజుల్లో, మొత్తాన్ని ఒకే చేత్తో జతపరిచి బల్ల మీద పట్టేలా ఇచ్చారు.

తర్వాత ట్రాన్సిస్టర్లతో మోడల్ ట్వంటీ వన్ వచ్చింది. 2000లో టివోలీ కంపెనీ మోడల్ వన్ రేడియోకు రూపమిచ్చిందీ క్లాసే. 2002లో ఆయన మా ఊళ్లోనే కన్నుమూశాడు.

హాలు కట్టినవాళ్లు, కొండ మీద టవరు నిలిపినవాళ్లు, పెట్టెలు చేసినవాళ్లు ఒకరికొకరు పని కల్పించారు. ప్రసారం బాగుంటే మంచి రిసీవరు కావాలనిపించింది. మంచి రిసీవరు ఉంటే ప్రసారంలో లోపం దాగలేదు. చిన్న ఇంట్లో ఉండేవాడికీ ఆర్కెస్ట్రా నిండుగా వినబడాలన్న పట్టుదల మా ఊరి చదువులంత గొప్పది. ఊరి చరిత్రలో విశ్వవిద్యాలయాల పక్కన ఈ వర్క్‌షాపులకూ చోటుండాలి.