ఇసుక మీద దిద్దుకున్న స్వింగ్

రుమైథియా నుంచి దక్షిణంగా పాతిక ముప్పై కిలోమీటర్లు పోతే అహ్మదీ వస్తుంది. రెండూ కువైట్‌లోవే అయినా ఒకదానికొకటి పోలిక లేని ఊళ్లు. రుమైథియా సాల్మియా, సల్వాల పొరుగున ఉన్న నివాస ప్రాంతం. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఎందరో తెలుగువాళ్లు కువైట్‌లోని ఇలాంటి పేటల్లోనే డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, ఇంటి పనివాళ్లుగా ఏళ్ల తరబడి బతుకు వెళ్లదీస్తున్నారు. అహ్మదీ మాత్రం చమురు కోసం పుట్టిన ఊరు. గడ్డిపరక కూడా మొలవని ఆ నేల మీద గోల్ఫ్ ఆడారు. పచ్చిక మీద పుట్టిన ఆట ఇసుక మీదికి వచ్చినప్పుడు ఆటగాడి ఒళ్లు కొత్త కదలికలు నేర్వక తప్పలేదు.

గోల్ఫ్‌లో స్వింగ్ అంటే క్లబ్‌ను వెనక్కి ఎత్తి, దించి, బంతిని కొట్టి, ముందుకు సాగనిచ్చే మొత్తం కదలిక. కొట్టే వేటు రెండు క్షణాలైనా పట్టదు. ఆ కాసేపట్లో పాదాలు, మోకాళ్లు, నడుము, భుజాలు, మణికట్లు ఒక వరసలో పని చెయ్యాలి. ఈ వరస ఎప్పుడూ ఒకేలా లేదు. నేల మారినా, కర్ర మారినా, బంతి మారినా, ఆడే మనిషి ఒళ్లు మారినా స్వింగ్ మారుతూ వచ్చింది. కొత్త స్వింగ్ నేర్చుకోవాలనుకునేవారికి ఈ చరిత్ర కంటే మంచి గురువు దొరకడు.

కువైట్ ఆయిల్ కంపెనీ 1934లో ఏర్పడింది. అందులో సగం వాటా బ్రిటిష్ కంపెనీది, సగం అమెరికా కంపెనీ గల్ఫ్ ఆయిల్‌ది. 1938 ఫిబ్రవరిలో బుర్గాన్‌లో చమురు పడింది. రెండో ప్రపంచ యుద్ధంతో పని ఆగింది. మొదటి చమురు ఓడ బయల్దేరింది 1946 జూన్ 30న. ఆ వెంటనే బుర్గాన్ దగ్గరి మిట్ట మీద ఊరు కట్టడం మొదలుపెట్టి, అప్పటి పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబర్ పేరు పెట్టారు. ఆ ఊరి నమూనా గీసిన జేమ్స్ మాలిసన్ విల్సన్ అంతకుముందు కొత్త ఢిల్లీ నిర్మాణంలో లుటియెన్స్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు. వలస పాలన నాటి కంటోన్మెంటు పద్ధతి అహ్మదీలోనూ దిగింది. ఉత్తరాన బ్రిటిష్, అమెరికన్ అధికారుల ఇళ్లు, నడుమ భారతీయ, పాకిస్తానీ గుమాస్తాల ఇళ్లు, దక్షిణాన కూలీల ఇళ్లు. అప్పటికి కువైట్‌లో చెల్లే డబ్బు కూడా భారతీయ రూపాయే. దినార్ వచ్చింది 1961లో.

కంపెనీ అధికారులు తమ ఊళ్ల నుంచి టెన్నిస్, క్రికెట్, గోల్ఫ్ వెంటబెట్టుకొచ్చారు. తక్కినవాటికి చదునైన నేల దొరికితే చాలు, గోల్ఫ్‌కు కిలోమీటర్ల కొద్దీ పచ్చిక కావాలి. తాగే నీటికే కటకటగా ఉన్న చోట గడ్డిని తడిపేదెలా? అందుకని ఇసుకనే మైదానం చేసుకున్నారు. బహ్రెయిన్‌లోని చమురు ఊరు అవాలీలోనూ ఇదే దారి పట్టారు.

ఇసుక గోల్ఫ్‌కు తనవైన ఏర్పాట్లు ఉన్నాయి. బంతిని గుంతలోకి దొర్లించే చోట పచ్చిక మైదానాల్లో కురచగా కోసిన గడ్డి ఉంటుంది. ఎడారిలో ఆ చోట ఇసుకలో నూనె కలిపి, అణగదొక్కి, చదును చేస్తారు. గోధుమ రంగు వల్ల దానికి ‘బ్రౌన్’ అని పేరు. ఒక జట్టు ఆడి వెళ్లాక అడుగుల గుర్తులు చెరిపి మళ్లీ చదును చెయ్యాలి. ఆటగాడు చంకలో ఒక చిన్న చాప ముక్క పెట్టుకు తిరుగుతాడు. గుర్తులు పెట్టిన దారిలో బంతి పడితే దాన్ని చాప మీద పెట్టి కొట్టుకోవచ్చు. దారి తప్పి పక్కన పడితే ఇసుకలోంచే కొట్టాలి.

ఇక్కడే ఒంటికి అసలు పరీక్ష.

పచ్చిక మీద క్లబ్ బంతికి కాస్త వెనక తగిలినా నేల కొంత క్షమిస్తుంది, బంతి ఎంతో కొంత దూరం పోతుంది. మెత్తటి ఇసుకలో ఒక్క అంగుళం వెనక తగిలితే క్లబ్ ఇసుకలో కూరుకుపోతుంది, బంతి నాలుగడుగులు కూడా కదలదు. అందుకే అక్కడ ఆడేవాడు ముందు బంతిని, తర్వాతే నేలను తాకడం నేర్వాలి. కుడిచేతి వాటం ఆటగాడైతే క్లబ్ కిందికి వచ్చేసరికి ఒంటి బరువు ఎడమ కాలి మీదికి చేరి ఉండాలి. తల, ఛాతీ అటూ ఇటూ ఊగకూడదు. పాదాల కింద ఇసుక జారుతుంది కాబట్టి కాళ్లతో బలంగా తన్నుకుంటే పట్టు తప్పుతుంది. అందువల్ల నడుము నెమ్మదిగా తిప్పడం, ముప్పావు వంతు స్వింగ్‌తో సరిపెట్టుకోవడం అలవడతాయి. చాప మీద మరో చిక్కు. దాని కింది నేల గట్టిది. వెనక తగిలిన క్లబ్ ఎగిరి బంతి నడినెత్తిన తగులుతుంది, ఆ అదురు మణికట్టుకు, మోచేతికి ఎక్కుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో నేల వెంటనే చెప్పేస్తుంది.

నేల ఇలా స్వింగ్‌ను దిద్దడం అహ్మదీతో మొదలైంది కాదు. స్కాట్లండ్ సముద్రతీరపు గాలిలో, ముతక ఉన్ని కోట్లు తొడుక్కుని ఆడిన పాతకాలపు ఆటగాళ్లు క్లబ్‌ను పైకెత్తకుండా ఒంటి చుట్టూ బల్లపరుపుగా తిప్పేవారు. బంతి తక్కువ ఎత్తులో పోతే గాలికి చిక్కదు. 1848 ప్రాంతంలో ఈకలు కూరిన తోలు బంతి పోయి గట్టాపర్చా బంతి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర రబ్బరు దారం చుట్టిన హాస్కెల్ బంతి వచ్చి ఇంకా దూరం పోసాగింది. ఈ మార్పుల నడుమ జెర్సీ దీవి నుంచి వచ్చిన హ్యారీ వార్డన్ క్లబ్‌ను నిటారుగా ఎత్తి కొట్టడం మొదలుపెట్టాడు. కుడి చిటికెన వేలిని ఎడమ చూపుడు వేలి మీదికి చేర్చే పట్టును ప్రచారంలోకి తెచ్చాడు. 1896 నుంచి 1914 వరకు ఆరుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. ఆ పట్టుతోనే ఇవాళ లక్షలమంది ఆడుతున్నారు.

తర్వాతి మలుపు కర్రది. హికరీ చెక్కతో చేసిన క్లబ్ ఊపులో మెలితిరుగుతుంది. దాన్ని సరిదిద్దడానికి మణికట్లు బాగా తిప్పాల్సి వచ్చేది. అమెరికా గోల్ఫ్ సంఘం 1924లో, బ్రిటన్ 1929లో ఉక్కు కర్రలకు అనుమతి ఇచ్చాయి. ఉక్కు అంతగా మెలితిరగదు. మణికట్ల పని తగ్గించి, కాళ్లతో, నడుముతో కొట్టవచ్చునని టెక్సస్ ఆటగాడు బైరన్ నెల్సన్ గ్రహించి తన స్వింగ్‌ను తిరిగి కట్టుకున్నాడు. 1945లో వరసగా 11 టోర్నమెంట్లు, ఆ ఏడాది మొత్తం మీద 18 గెలిచాడు. ఆధునిక స్వింగ్ నెల్సన్‌తో మొదలైందని చాలామంది చెప్పడానికి కారణం ఇదే.

అతని ఊరివాడే బెన్ హోగన్. 1949 ఫిబ్రవరిలో అతని కారును బస్సు ఢీకొట్టింది. మళ్లీ నడవగలడా అని వైద్యులే సందేహించారు. పదహారు నెలల తర్వాత, కాళ్లకు కట్లు చుట్టుకుని, 1950 యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. 1957లో వచ్చిన అతని పాఠాల పుస్తకం ఒక సూత్రం మీద నిలబడింది: క్లబ్‌ను కిందికి దించే పని చేతులతో మొదలుకాకూడదు, నడుము ముందు తిరగాలి. పొలంలో పిట్టలను తోలే రైతు వడిసెల విసరడం చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒళ్లు ముందు తిరుగుతుంది, చెయ్యి దాని వెంట వస్తుంది, వడిసెల చివర వేగం అన్నిటికంటే ఆఖర్న పుడుతుంది. కదలికలను కొలిచే యంత్రాలు తర్వాతి కాలంలో ఈ వరసనే నిర్ధారించాయి. ముందు నడుము, తర్వాత ఛాతీ, తర్వాత చేతులు, చివరగా క్లబ్.

తెలిసిన స్వింగ్‌ను వదిలి కొత్తది నేర్వడం ఎంత కష్టమో చెప్పే ఉదాహరణ నిక్ ఫాల్డో. అప్పటికే పేరున్న ఈ ఇంగ్లిష్ ఆటగాడు 1985లో కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గర చేరి స్వింగ్‌ను మొదటి నుంచి మార్చుకున్నాడు. దాదాపు రెండేళ్లు విజయాలు ముఖం చాటేశాయి. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో చివరి రోజు 18 గుంతలనూ సరిగ్గా పార్‌లో (ఒక్కో గుంతకు నిర్ణయించిన దెబ్బల లెక్కలో) ముగించి బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఆ తర్వాత మరో ఐదు పెద్ద టైటిళ్లు వచ్చాయి. టైగర్ వుడ్స్ కథ కూడా ఇలాంటిదే. 1997లో మాస్టర్స్‌ను 12 స్ట్రోకుల తేడాతో గెలిచాక కూడా తన స్వింగ్ చాలదనుకున్నాడు. బుచ్ హార్మన్‌తో కలిసి దాన్ని మార్చుకుంటున్న 1998లో అమెరికా టూర్‌లో అతనికి దక్కింది ఒక్క గెలుపే. 2000, 2001లలో వరసగా నాలుగు పెద్ద టైటిళ్లు (మేజర్లు) అతనివయ్యాయి. అదే శరీరం తర్వాత ఆ శ్రమకు మూల్యం చెల్లించింది. 2017లో వెన్నుపూసలు కలిపే శస్త్రచికిత్స జరిగింది. కోలుకుని 2019లో మళ్లీ మాస్టర్స్ గెలిచాడు.

ఫిట్స్, పోస్నర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 1967లో కొత్త నైపుణ్యం నేర్చుకునే క్రమాన్ని మూడు దశలుగా వివరించారు. మొదటి దశలో ప్రతి కదలికా ఆలోచించి చెయ్యాలి, తప్పులు ఎక్కువ. రెండో దశలో కదలికలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి, తప్పులు తగ్గుతాయి. మూడో దశలో ఆలోచన లేకుండానే ఒళ్లు పని చేస్తుంది. పాత అలవాటు మూడో దశలో ఉండగా కొత్తది మొదటి దశలో ఉంటుంది. కొన్నాళ్లు ఆట దిగజారినట్టు కనిపించడానికి కారణం అదే. ఆ కాలంలో నెమ్మదిగా, తక్కువ వేగంతో, అద్దం ముందు బంతి లేకుండా సాధన చేస్తే ఒంటికి వరస పట్టుబడుతుంది. పోటీలో పాత స్వింగ్, సాధనలో కొత్త స్వింగ్ అనుకునేవారికి రెండూ దక్కవు.

తెలుగు నేలకు గోల్ఫ్ కొత్తదేమీ కాదు. బ్రిటిష్ దీవుల బయట మొదటి గోల్ఫ్ క్లబ్ 1829లో కలకత్తాలో వెలిసింది. అక్కడి నుంచి ఆట కంటోన్మెంట్ల వెంట దక్షిణానికి దిగింది. ఇవాళ హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయా ఖిలాలో, పెద్ద బావోబాబ్ చెట్టు ఉన్న ఆవరణలోనే గోల్ఫ్ మైదానం ఉంది. విశాఖలో ముడసర్లోవ దగ్గర మరొకటి ఉంది. అయితే ప్రపంచం తిరిగి చూసిన తెలుగు స్వింగ్ పుట్టింది కాలిఫోర్నియాలో.

సాహిత్ తీగల 1997లో ఫుల్లర్టన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు మురళీధర్, కరుణ హైదరాబాద్ నుంచి వెళ్లినవారు. సాహిత్ వెన్నెముక ఒక పక్కకు వంగి ఉంటుంది, వైద్యులు దాన్ని స్కోలియోసిస్ అంటారు. అందువల్ల అతని స్వింగ్ పుస్తకంలోని బొమ్మలా ఉండదు, ఒళ్లు పక్కకు బాగా ఒరుగుతుంది. పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో చదువుతూ 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లోని హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ పురస్కారాలు మూడూ అందుకున్నాడు. 2023 సెప్టెంబరులో నాపాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. మరుసటి ఏడాది ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టులో ఆడాడు. అదే 2024లో టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రోజు, బంకర్ అనే ఇసుక గుంటలో క్లబ్ వెనక్కి ఎత్తేటప్పుడు, నిబంధన ప్రకారం తాకకూడని ఇసుక రేణువులు కొన్ని తగిలాయనిపించి తనే చెప్పి రెండు స్ట్రోకుల జరిమానా వేసుకున్నాడు. అయినా మూడో స్థానంలో ముగించాడు. నిటారు వెన్ను లేని ఆటగాడు ఒంటికి తగ్గ స్వింగ్‌ను నమ్ముకుని అంత ఎత్తుకు వెళ్లాడు.

మళ్లీ ఎడారికి వస్తే, గల్ఫ్‌లో గడ్డి మైదానాల కాలం 1988లో దుబాయిలో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ తెరవడంతో మొదలైంది. కువైట్ మాత్రం అప్పుడే పెను కష్టంలో పడింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు దండెత్తాయి. వెనుదిరుగుతూ ఆరు వందలకు పైగా చమురు బావులకు నిప్పు పెట్టాయి. చివరి మంట ఆరింది 1991 నవంబరులో. ఆ పొగ అహ్మదీ ఉన్న ప్రాంతాన్నీ కమ్మేసింది. దేశం తేరుకున్నాక హంటింగ్ అండ్ ఈక్వెస్ట్రియన్ క్లబ్ ఆవరణలో సహారా పేరుతో పచ్చిక మైదానం వచ్చింది, దీపాల వెలుగులో రాత్రిళ్లు ఆడే వీలు కలిగింది. మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీల వేడి నమోదైన దేశంలో రాత్రి ఆట అవసరమే.

పచ్చిక వచ్చిందని ఇసుక గోల్ఫ్‌ను మరిచిపోతే నష్టం చరిత్రకే. చమురు తవ్వకానికి సంబంధించిన యంత్రాలు, ఫొటోలు కువైట్‌లో శ్రద్ధగా దాచారు. నూనె కలిపిన బ్రౌన్‌లు చదును చేసినవారిని, ఎండలో క్లబ్బులు మోసినవారిని, చాప ముక్క మీద ఆట నేర్చినవారిని గురించి కూడా ఎవరైనా రాసి పెట్టాలి. ఆ తరం మనుషులు భారత్‌లో, పాకిస్తాన్‌లో, బ్రిటన్‌లో ఉండవచ్చు. మన ఇళ్లలోనూ గల్ఫ్‌లో పనిచేసి తిరిగి వచ్చిన పెద్దలు ఉన్నారు. వారి దగ్గర పాత స్కోరు కార్డో, ఫొటోనో, ఒక జ్ఞాపకమో ఉంటే పారేయకుండా తారీఖుతో సహా రాసి ఉంచండి.