పసుపు అవక్షేపం, నీలిరంగు, మన సుబ్బారావుగారు

ఇంటర్మీడియెట్‌లో లవణ విశ్లేషణ చేసినవాళ్లకు ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఫాస్ఫేటు ద్రావణంలో నత్రికామ్లం, అమ్మోనియం మాలిబ్డేటు పోసి కాస్త వేడిచేస్తే పరీక్షనాళిక అడుగున పసుపుపచ్చని పొడి దిగేది. ఇక్కడ మన పిల్లలు సిల్వర్ నైట్రేటులో ఉప్పునీళ్లు పోసి, తెల్లటి అవక్షేపాన్ని వడగట్టి, కడిగి, ఆరబెట్టి, తూచి వస్తున్నారు. "ఇది ఎవరికి పనికొచ్చింది?" అని వాళ్లడిగితే మేము చెప్పేది భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ.

ఆయన 1923లో బోస్టన్ చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేశారు. అవక్షేపాన్ని తూచి ఫాస్ఫరస్ లెక్కకట్టాలంటే పదార్థం బాగా కావాలి. రోగి దగ్గర అంత రక్తం ఎలా తీస్తారు? అదే మాలిబ్డేటుతో అవక్షేపం దిగనంత పలచని ద్రావణంలో నీలిరంగు పుట్టించి, ఆ రంగు గాఢతను బట్టి లెక్కకట్టే పద్ధతులు అంతకుముందే కొన్ని ఉన్నాయి. వాటికంటే త్వరగా, నిలకడగా రంగు వచ్చే పద్ధతిని వీరిద్దరూ 1925లో ప్రచురించారు.

అసలు విశేషం ఆ తరువాతే. కండర రసంలో ఆ రంగు రావలసినంత వేగంగా రాలేదు. మరొకరైతే సీసా కడగలేదనుకుని ఊరుకునేవారేమో! వీళ్లు ఆలస్యానికి కారణం వెతికారు. పరీక్షలో వాడే ఆమ్లానికే విరిగిపోయే సున్నితమైన ఫాస్ఫరస్ పదార్థం అందులో ఉంది. కానీ రంగు ఎంత ఉందో చెబుతుందిగాని ఏముందో చెప్పదు. అందుకు మళ్లీ లవణాల దగ్గరికే రావలసి వచ్చింది. దాన్ని కాల్షియం లవణంగా వేరుచేసి, ఫాస్ఫోక్రియటిన్ అని తేల్చారు. 1927లోనే ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా విడిగా ఆ పదార్థాన్ని కనుగొన్నారు.

1929లో ఏటీపీ వంతు వచ్చింది. జర్మనీలో కార్ల్ లోమాన్, ఇక్కడ ఫిస్క్, సుబ్బారావు ఒకే ఏడాది దాన్ని పట్టుకున్నారు. క్షార ద్రావణంలో బేరియం కలిపితే ఏటీపీ కరగని లవణమై దిగుతుంది. ఫాస్ఫేటు ఒక్కటే ఉన్న దాని తమ్ముడు ఏఎంపీ పైన ద్రావణంలోనే ఉండిపోతుంది. మన పిల్లల ప్రయోగానికీ దీనికీ సూత్రం ఒకటే.

ఆయన వచ్చిన 1923 ఫిబ్రవరిలోనే, భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తలుపు 1946 జులైలో గాని తెరుచుకోలేదు. అప్పటికి ఆయన హార్వర్డు వదిలి, న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీలో ఉన్నారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన అన్నదమ్ముల్ని బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందయింది. 1948 ఆగస్టులో, 53వ ఏట, ఆయన నిద్రలోనే పోయారు.

మీ పిల్లలు లైబ్రరీలో ఆయన పేపర్లు వెతికితే ఒక్క మాట చెప్పండి: అక్కడ ఆయన పేరు చివర 'యు' ఉండదు, 'డబ్ల్యు' ఉంటుంది.