మదురా పాదం: నల్ల గింజ, తెల్ల గింజ

వ్యవహారంలో మదురా పాదమనీ, వైద్య గ్రంథాల్లో మైసిటోమా అనీ పేరుపడిన వ్యాధి, మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి ముల్లు గుచ్చుకున్న గాయం గుండా చర్మం కిందికి చేరి, నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి, అక్కడే నిదానంగా పెరగడం వల్ల వస్తుంది. పాదం మీద మొదట చిన్న గడ్డ లేచి, గట్టిపడి, చుట్టూ పాకుతుంది. తరువాత చర్మానికి అక్కడక్కడ రంధ్రాలు పడి, వాటి నుంచి చీము, చీముతో పాటు గసగసాలంతేసి గింజలు రాలతాయి. చివరికి పురుగు తొలిచిన కర్రలా ఎముక గుల్లవుతుంది. ఆ గింజలు నల్లగా ఉండవచ్చు, తెల్లగానో పసుపుగానో ఉండవచ్చు, అరుదుగా ఎర్రగానూ ఉంటాయి. వాటిలో ఒక్కొక్కటీ ఆ సూక్ష్మజీవి పోగులు పెనవేసుకుని ముద్దకట్టిన గూడు. చాలాకాలం నొప్పి తెలియకపోవడమే ఈ వ్యాధికి పెద్ద బలం. నడక, పొలం పని సాగినంత కాలం రోగి వైద్యుణ్ణి వెతుక్కుంటూ వెళ్లడు. ఏ సూక్ష్మజీవి వల్ల వచ్చిందో తేల్చడానికీ, ఏ మందు పనిచేస్తుందో నిర్ణయించడానికీ వైద్యులు ఆశ్రయించే ఆధారం ఆ గింజే.

సుశ్రుత సంహితలోని నిదాన స్థానం క్షుద్రరోగాల వరుసలో వల్మీకమనే దాన్ని పేర్కొంటుంది. వల్మీకమంటే పుట్ట. అరచేతుల్లో, అరికాళ్లలో, కీళ్ల దగ్గర, మెడ దగ్గర పుట్టలా లేచి, అనేక రంధ్రాలతో స్రవించే గడ్డ అని దాని లక్షణం. పాదంలో వచ్చే ఈ రూపాన్ని పాదవల్మీకమంటారు. 1714లో పుదుచ్చేరి నుంచి రాసిన ఫ్రెంచి మిషనరీలు కూడా ఇటువంటి వ్యాధిని చీమల పాదం అనే అర్థం వచ్చే మాటతోనే ప్రస్తావించారు. మట్టిలో చిల్లులు చిల్లులుగా లేచే పుట్టను చూసిన కంటికి ఈ పాదాన్ని చూస్తే మరో పోలిక తోచదు కాబోలు. అయినా పాత గ్రంథాల్లోని ప్రతి వల్మీకాన్నీ నేటి మైసిటోమాగా లెక్కకట్టడం సాహసమే అవుతుంది. జర్మన్ యాత్రికుడు ఎంగెల్‌బర్ట్ కెంప్‌ఫర్ 1694లో లైడెన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో వర్ణించిన, మలబారులో పెరికాల్ అనే వ్యాధి కూడా మదురా పాదమా, దోమకాటుతో వచ్చే బోదకాలా అన్న సందేహం తరువాతి వారిని చాలాకాలం వెంటాడింది.

సందేహానికి తావులేని వర్ణనలు 19వ శతాబ్దపు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆసుపత్రుల నుంచే మొదలయ్యాయి. మదురై డిస్పెన్సరీలో పనిచేసిన గిల్ 1842లో ఈ వ్యాధిని తన నివేదికలో నమోదు చేయగా, 1846లో బళ్లారి నుంచి గాడ్‌ఫ్రే, అంతకుముందు ఎవరూ వర్ణించని పాదవ్యాధిగా దీన్ని లండన్‌లోని లాన్సెట్ పత్రికకు రాశాడు; అదే కాలంలో మదురైలో ఉన్న కోల్‌బ్రుక్, స్థానికంగా వినిపించే మాటను అనుసరించి మదురా పాదమనే పేరును వైద్య రచనలోకి తెచ్చాడు. ఇక్కడ బళ్లారి సంగతి తెలుగు పాఠకులు కొంత ఆగి గమనించదగ్గది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్త మండలాల్లో బళ్లారి ఒకటి. నేటి అనంతపురం ప్రాంతం 1882లో వేరే జిల్లాగా విడిపోయే వరకు బళ్లారి జిల్లాలో భాగమే. కొద్దిపాటి వానాకాలం, పొడుగాటి ఎండాకాలం, తుమ్మ కంప, చెప్పులు ఎరగని కాళ్లు అనే నాలుగూ కలిసిన చోట ఈ వ్యాధి ఎక్కువగా కనిపిస్తుందని తరువాతి పరిశోధకులు గుర్తించిన లక్షణాలన్నీ ఆ సీమకు సరిగ్గా సరిపోతాయి. గాడ్‌ఫ్రే రాతకు వ్యాధి పేరులో చోటు దక్కకపోవడం వల్ల మదురైకి దక్కిన అపకీర్తి బళ్లారికి దక్కలేదు.

వ్యాధికి కారణమేమిటన్న ప్రశ్న సూక్ష్మదర్శిని కిందికి వెళ్లింది బొంబాయిలో. 1855లో బాలింగాల్ అనే వైద్యుడు ఈ గింజలను పరిశీలించి, ఇది బయటి నుంచి వచ్చి శరీరం మీద బతికే జీవి పని కావచ్చునని సూచించాడు. ఆ సూచనను పట్టుకుని ఏళ్ల తరబడి శ్రమించినవాడు హెన్రీ వాండైక్ కార్టర్. 1858లో వెలువడిన గ్రే శరీరనిర్మాణ గ్రంథానికి బొమ్మలు గీసింది ఇతడే. ఆ గ్రంథం గ్రే పేరుతో ప్రపంచమంతా తిరిగింది గాని, అందులో సగం పేరు ఇతనికి రావలసినది. అదే ఏడాది బొంబాయికి వచ్చి గ్రాంట్ వైద్య కళాశాలలో అధ్యాపకుడైన కార్టర్, శస్త్రచికిత్సలో తొలగించిన పాదాలను నిలువునా కోసి, లోపలి సొరంగాలను, వాటిలో నిండిన గింజలను చూసి బొమ్మలు గీశాడు. చిత్రకారుని కన్ను అతనికి ఇక్కడ కూడా ఉపకరించింది. తుపాకీ మందులా నల్లగా రాలే గింజల రకాన్ని, చేప జనలా లేతరంగులో కనిపించే గింజల రకాన్ని అతడు వేరు వేరుగా వర్ణించాడు; గ్రీకులో శిలీంధ్రాన్ని, అంటే బూజు, పుట్టగొడుగు వంటి జీవుల జాతిని సూచించే మాటకు గడ్డ అనే అర్థమిచ్చే ప్రత్యయాన్ని చేర్చి మైసిటోమా అని పేరు పెట్టాడు; 1860లో మొదలుపెట్టిన పరిశీలనలను 1874లో లండన్‌లో గ్రంథంగా వెలువరించాడు.

అయితే ఒక గింజలో శిలీంధ్రపు పోగులు కనిపించడం ఒక సంగతి, ఆ శిలీంధ్రమే వ్యాధికి కారణమని రుజువు చేయడం మరో సంగతి. భద్రపరిచిన ఒక నమూనా మీద ఎర్రని బూజు పెరగగా, ఇంగ్లండులోని శిలీంధ్ర శాస్త్రవేత్త మైల్స్ బెర్క్‌లీ దానికి కార్టర్ గౌరవార్థం ఖయోనిఫే కార్టెరి అని నామకరణం చేశాడు; అది గాలిలోంచి వచ్చి పడిన బూజే తప్ప వ్యాధితో సంబంధం లేనిదని తరువాత తేలింది. ఒక్క జాతిని మాత్రమే వేరు చేసి పెంచే పద్ధతి అప్పటికి స్థిరపడలేదు గనుక ఇటువంటి పొరపాటు కార్టర్‌కు గాని, బెర్క్‌లీకి గాని మచ్చ కాదు. కాని శిలీంధ్ర వాదాన్ని ఒప్పుకోని పక్షానికి అది ఆయుధమయింది. 1875లో కలకత్తాలో లూయిస్, కన్నింగ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే వ్యాధిపై ప్రత్యేక నివేదిక వెలువరించి, శిలీంధ్రమే కారణమన్న వాదాన్ని అంగీకరించడానికి తగిన రుజువు లేదని పట్టుబట్టారు.

చిక్కుముడి విప్పింది పశువుల జబ్బు. 1877లో జర్మనీలో బోలింగర్ పశువుల దవడ వాపులో ఆక్టినోమైసిస్ అనే జీవిని గుర్తించగా, మరుసటి ఏడాది ఇజ్రాయెల్ అనే వైద్యుడు మనుషుల్లోనూ అటువంటిదాన్ని వర్ణించాడు. దాని గింజలు మదురా పాదంలోని తెల్ల గింజలను పోలి ఉన్నాయని 1886లో కార్టరే రాశాడు. కాంథాక్ అనే పరిశోధకుడు మరో అడుగు ముందుకు వేసి రెండూ ఒకే వ్యాధి అన్నాడు. 1894లో రూబర్ట్ బాయిస్, బొంబాయికి చెందిన ఎన్. ఎఫ్. సర్వేయర్ అనే పార్సీ వైద్యుడు కలిసి ప్రకటించిన పరిశోధన ఈ తగాదాను తీర్చింది: లేతరంగు గింజలు ఆక్టినోమైసిస్ వంటి జీవివి, నల్ల గింజలు నిజమైన శిలీంధ్రానివి; అంటే ఒకే పేరు కింద, ఒకే రూపంలో, రెండు వేరు వేరు వ్యాధులు దాగి ఉన్నాయన్న మాట. అదే ఏడాది ఫ్రెంచి సైనిక వైద్యుడు విన్సెంట్ అల్జీరియాలోని రోగి నుంచి తెల్ల గింజల జీవిని వేరుచేసి పెంచి, దానికి మదురై పేరే పెట్టాడు. నేడు దాన్ని ఆక్టినోమదురా మదురే అంటారు. నల్ల గింజల శిలీంధ్రం 1905లో ఎమిల్ బ్రంప్ట్ చేతుల్లో మదురెల్లా అయింది. ఆఫ్రికాలో దొరికిన జీవులకు తమిళనాడు ఊరి పేరు ఇలా అంటుకుంది.

ఇంత సూక్ష్మంగా సాధించిన ఈ విభజన వల్ల రోగికి మాత్రం అప్పట్లో ఒరిగిందేమీ లేదు. గింజ నల్లదైనా తెల్లదైనా చివరికి చేసేది ఒకటే, పాదాన్నో మోకాలి కింది భాగాన్నో తొలగించడం. 1840ల చివరలో ఈథర్, క్లోరోఫాం వాడుకలోకి రావడంతో ఆ శస్త్రచికిత్సలోని బాధ తగ్గింది గాని, దున్నుకుని బతికే మనిషికి కాలు పోవడంలోని బాధ తగ్గలేదు. పరీక్షశాలలో యాభై ఏళ్ల పాటు పోగుపడిన జ్ఞానం శస్త్రచికిత్స గది గుమ్మం దాటి లోపలికి రాలేకపోయింది.

దాన్ని లోపలికి తెచ్చినవి 20వ శతాబ్దపు మందులు. ఆక్టినోమైసిస్ వర్గం శిలీంధ్రాలు కావనీ, పోగులు పోగులుగా పెరిగే బాక్టీరియా అనీ శతాబ్ది మధ్య నాటికి స్పష్టమయింది. కనుక సల్ఫా మందులు, డాప్సోన్, స్ట్రెప్టోమైసిన్ వంటి బాక్టీరియా నిరోధకాలు తెల్ల గింజల వ్యాధిని నయం చేశాయి, నల్ల గింజల వ్యాధిని మాత్రం తాకలేకపోయాయి. స్ట్రెప్టోమైసిన్‌ను ఇచ్చిన మట్టి జీవి కూడా ఆక్టినోమదురాకు దూరపు చుట్టమే కావడం ఇందులోని వింత. మెక్సికోలోని మాంటెరే నగరంలో ఒలివేరియో వెల్ష్ 1980లలో అమికాసిన్‌ను కోట్రైమోక్సజోల్‌తో కలిపి ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టగా, దిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో రామం బృందం తక్కువ ఖర్చయ్యే మందులతో రెండంచెల చికిత్సను రూపొందించి 2000లో ప్రకటించింది. తెల్ల గింజల వ్యాధిలో కాలు తీసే అవసరం దీనితో చాలావరకు తప్పింది.

అందువల్ల నిర్ధారణకు కొత్త విలువ వచ్చింది. చీములోంచి తీసిన గింజను గాజు పలక మీద నలిపి, కణజాలాన్ని కరిగించే పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి చూస్తే, శిలీంధ్రమైతే రెండు నుంచి ఐదు మైక్రాన్ల వెడల్పు గల పోగులు, బాక్టీరియా అయితే ఒక మైక్రాన్‌కు మించని సన్నని పోగులు కనిపిస్తాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. చిన్న ఆసుపత్రిలో కూడా చేయగల ఈ పరీక్ష, రోగి ఏ దారిన వెళ్లాలో చెప్పేస్తుంది. ఏ జాతి శిలీంధ్రమన్నది తెలియాలంటే మాత్రం, పారిస్ చర్మవైద్యుడు సబురో పేరు మీద నేటికీ వాడుకలో ఉన్న చక్కెర, పెప్టోన్ కలిపిన మాధ్యమంలో గింజను వారాల తరబడి పెంచాలి. నల్ల గింజ పెరగడానికి తొందరపడదు.

శిలీంధ్రాల వైపు మందుల కథ ఇంకా కుంటుతూనే నడుస్తోంది. 1950ల నాటి ఆంఫోటెరిసిన్ బి ఈ వ్యాధిలో ఆశించిన ఫలితమివ్వలేదు. ఆ తరువాత వచ్చిన కీటోకోనజోల్‌ను, కాలేయానికి చేసే హాని వల్ల 2013లో అమెరికా కఠినంగా నియంత్రించగా, యూరప్ నోటి మాత్రల అమ్మకాన్నే నిలిపివేయమంది. మిగిలిన ఇట్రాకోనజోల్‌ను రోజూ, ఏడాది పాటో అంతకు మించో మింగాలి; ఖర్చు భరించలేక మధ్యలో మానేసేవారు ఎందరో, మానకపోయినా గింజ చుట్టూ పేరుకున్న పొర మందును లోపలికి రానివ్వక శస్త్రచికిత్స కూడా అవసరమయ్యేవారు ఎందరో. ఈ చిక్కులను పరిశోధించే బాధ్యత భారతదేశం నుంచి సూడాన్‌కు చేరింది. ఖార్టూమ్‌లో మహ్‌గూబ్ అనే పరిశోధకుడు వేసిన పునాది మీద అహ్మద్ హసన్ ఫహల్ 1991లో మైసిటోమా పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పాడు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. జపానులో గోళ్ల శిలీంధ్ర వ్యాధికి రూపొందిన ఫోస్రావుకోనజోల్‌ను, వారానికి ఒక మోతాదుగా, ఇట్రాకోనజోల్‌తో పోల్చి చూసే ప్రయోగం 2017లో ఆ కేంద్రంలోనే 104 మంది రోగులతో మొదలయింది.

ఇంతలో నల్ల గింజ కూడా ఒకటి కాదని తేలింది. డి.ఎన్.ఎ. క్రమాన్ని చదివే పద్ధతులు రావడంతో, మదురెల్లాలోంచి 2012లో మరికొన్ని జాతులు విడివడ్డాయి. వాటిలో ఒకదానికి ఫహల్ పేరు మీద మదురెల్లా ఫహాలియై అని పేరు పెట్టారు. కంటికి, సూక్ష్మదర్శినికి కూడా దాని గింజ తక్కిన నల్ల గింజల లాగే కనిపిస్తుంది గాని, ఇట్రాకోనజోల్‌కు అంత సులువుగా లొంగదు.