మన గాలి పుట్టుపూర్వోత్తరములు

మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లకు కొంచెము తక్కువగా ప్రాణవాయువు, ఒక పాలుకు దగ్గరగా ఆర్గాను, అత్యల్పముగా బొగ్గుపులుసు వాయువు, చోటునుబట్టి ఋతువునుబట్టి మారుచుండు నీటియావిరి కలవని పాఠశాలలో ప్రతి విద్యార్థియు వల్లె వేయును. కాని యీ వాయువులన్నియు భూమితోపాటు పుట్టినవి కావనియు, ఒక్కొక్కటి యొక్కొక్క త్రోవను వచ్చి చేరినదనియు, ఆ రాకపోకల లెక్క రాళ్లయందు నిలిచియున్నదనియు గ్రహించినప్పుడు గదా యా పాఠము మనసున నాటుకొనుట! ఆ రాళ్లను చూచుటకు దూరదేశములకు పోనక్కరలేదు. శ్రీ సత్యసాయి జిల్లాలోని నంబులపూలకుంట మొదలుకొని కడప జిల్లాలోని వేంపల్లె వఱకు గల నేలయే ఆ చరిత్రలోని ముఖ్యఘట్టములకు సాక్ష్యము పలుకుచున్నది.

భూమి పుట్టి సుమారు 454 కోట్ల సంవత్సరములైనది. ఆదిలో దానిని ఆవరించియుండిన ఉదజని, హీలియము వంటి తేలిక వాయువులు నిలువక అంతరిక్షమునకు పోయినవి. పిమ్మట కరగి కుతకుతలాడు భూగర్భమునుండి, అగ్నిపర్వతముల నోళ్లనుండి వెలువడిన నీటియావిరియు, బొగ్గుపులుసు వాయువును, నత్రజనియు కలిసి రెండవ వాయుమండలమైనవి. అందు ప్రాణవాయువు లేదనియే చెప్పవలెను. నేల చల్లారిన కొలది ఆవిరి వానయై కురిసి సముద్రములు నిండెను. బొగ్గుపులుసు వాయువు నీట కరగి, రాళ్లనుండి కొట్టుకొనివచ్చిన సున్నముతో కలిసి, సముద్రగర్భమున సున్నపురాయిగా పేరుకొనెను. మన పొరుగుగ్రహమైన శుక్రునికి ఆ భాగ్యము కలుగలేదు. అచ్చటి గాలిలో నేటికిని నూటికి 96 పాళ్లు బొగ్గుపులుసు వాయువే. దాని యొత్తిడి మన గాలి యొత్తిడికి తొంబది రెట్లకు పైగా నుండును. దాని తాపమున సీసము సైతము కరగును. నత్రజని మాత్రము ఇతర ద్రవ్యములతో సులభముగా కలియని స్వభావము గలది కావున, నాటినుండి నేటివఱకు గాలిలోనే నిలిచి ప్రధానాంశమైనది.

సున్నపురాతిలో ఆదికాలపు వాయువు బందీయై యున్నదనుట పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. ఉపాధ్యాయుని సమక్షమున, ఇంటి నేలకు పఱచు నాపరాతి ముక్కపై పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లమును ఒక చుక్క వేసినచో బుసబుసమని నురుగు లేచును. ఆ బుడగలలోనిది ఒకప్పుడు సముద్రజలమున కరగియుండి రాతిలో చిక్కిన బొగ్గుపులుసు వాయువే. సున్నపు బట్టీలో రాయి కాలునప్పుడు ఆకాశమునకు తిరిగి పోవునదియు ఆ వాయువే.

ఇక నంబులపూలకుంట పరిసరములను చూడుడు. ఎండకు బీటలువాఱి, పొరలు పొరలుగా ఊడి, గుండ్లుగా మిగిలిన యీ గ్రానైటు జాతి శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. అనగా భూమి గాలిలో ప్రాణవాయువు నిలువకముందే గడ్డకట్టినవి. ఇట్టి రాతిని పగులగొట్టి చూచినచో గులాబిరంగు పలుకులు కొన్ని కంటబడును. అవి పొటాషియము గల ఫెల్‌స్పారు ఖనిజములు. ఆ పొటాషియములో అత్యల్పాంశము రేడియోధార్మికమగుటచే మిక్కిలి మెల్లగా క్షయించుచు, కొంత ఆర్గానుగా మారును. ఆ రేడియోధార్మికాంశము సగము క్షయించుటకు సుమారు 125 కోట్ల సంవత్సరములు పట్టును. 1894లో రేలీ, రామ్సే అను బ్రిటిష్ శాస్త్రజ్ఞులు గాలిలో కనుగొనిన ఆర్గాను దాదాపు అంతయు ఇట్లు రాళ్లలో పుట్టి బయటికి వచ్చినదే!

ఈ ప్రాంతమునకు తూర్పున, వెలిగల్లు జలాశయమును నింపి, పాపాఘ్ని నది ఉత్తరముగా సాగి, గండి కడ కొండలను చీల్చుకొని వేంపల్లె వైపు పోవును. వాయుదేవుడు ఆ గండిలో తపస్సు చేసెనని స్థలపురాణము. వాయుపుత్రుడైన వీరాంజనేయస్వామి అచ్చట వెలసియున్నాడు. గాలి చరిత్రను వెదకువానికిని అది పుణ్యక్షేత్రమే. ఏలయన దక్షిణమున మనము విడిచివచ్చిన గ్రానైటుపై, పురాతన సముద్రము తెచ్చి పఱచిన ఇసుక గట్టిపడిన శిలలు అచ్చట నిలిచియున్నవి. వానిపై వేంపల్లె సున్నపురాతి పొరలు కలవు. భారత భూవిజ్ఞాన సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలాశ్రేణులను పరిశోధించి 1872లో గ్రంథము ప్రకటించెను. భూవిజ్ఞానులు వీనిలో అడుగున నున్న శ్రేణికి పాపాఘ్ని పేరును, అందలి సున్నపురాళ్లకు వేంపల్లె పేరును స్థిరపఱచిరి.

వేంపల్లె పొరలలో గుమ్మటములవలె ఉబికి, అడ్డముగా కోసినచో ఉల్లిపాయలోని పొరలను పోలి కనిపించు ఆకృతులు కలవు. వీనికి స్ట్రోమటోలైట్లని పేరు. సుమారు 190 కోట్ల సంవత్సరములకు పూర్వమే లోతులేని వెచ్చని సముద్రమున, కంటికానని నీలియాకుపచ్చ సూక్ష్మజీవులు జిగురుచాపలుగా అల్లుకొని, పైబడిన సన్నని మట్టిని పట్టుకొని, దానిని దాటి వెలుగువైపు మఱల పెరుగుచు, తరతరములుగా ఈ గుమ్మటములను కట్టినవి. సూర్యరశ్మితో నీటిని విడగొట్టి ఆహారము సమకూర్చుకొను విద్య సృష్టిలో మొదట అలవఱచుకొనినవి ఈ జాతి జీవులే. ఆ పనిలో వెలువడు వ్యర్థపదార్థమే ప్రాణవాయువు.

అది వెంటనే గాలిలో చేరలేదు. ముందుగా సముద్రములలో కరగియుండిన ఇనుము దానిని చాలవఱకు గ్రహించి తుప్పై అడుగున పేరుకొనెను; బళ్లారి, సండూరు, ఓబులాపురము కొండలలోని ఇనుపరాతి పొరలు ఆ ప్రాచీన యుగమున సముద్రగర్భమున పేరుకొనినవే. సుమారు 240 కోట్ల సంవత్సరముల క్రిందట ప్రాణవాయువు గాలిలో నిలువనారంభించినను, నేటి పరిమాణమునకు చేరువగుటకు ఇంకను దాదాపు రెండువందల కోట్ల సంవత్సరములు పట్టెను. దానినుండియే ఎత్తున ఓజోను పొర ఏర్పడి అతినీలలోహిత కిరణములను అడ్డగింపగా, నీట దాగియుండిన జీవరాశికి గట్టెక్కుటకు వీలు కలిగెను.

ఆ సూక్ష్మజీవుల వంశము అంతరింపలేదు. వానిలో నొకటి మఱియొక కణములో ప్రవేశించి, అందే స్థిరపడి, నేడు చెట్ల ఆకులలోని పత్రహరిత రేణువైనదని జీవశాస్త్రజ్ఞులు నిరూపించిరి. నంబులపూలకుంట మండలములోనే గూటిబయలు గ్రామమున, ఊడలు దింపి దాదాపు ఐదెకరముల నేలను కప్పి, 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కిన తిమ్మమ్మ మర్రిమాను ప్రతి పత్రమునందును వేంపల్లె గుమ్మటములను కట్టిన జీవుల జ్ఞాతులే పనిచేయుచున్నవి. రాతియందు కనబడు విద్యయే ఆకునందు సజీవముగా సాగుచున్నది.

ఇంత దీర్ఘచరిత్ర గల వాయుమండలమును మనుష్యుడు ఎఱుగుట నిన్నమొన్నటి మాట. 1643లో టొరిసెల్లి పాదరసముతో గాలి యొత్తిడిని కొలిచెను. 1774లో ప్రీస్ట్లీ ప్రాణవాయువును వేఱుపఱచెను. నేడు తిరుపతి సమీపమున గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనాలయపు రాడారు మన నెత్తిమీది పొరల గాలి కదలికలను భూమిమీదనుండియే పసిగట్టుచున్నది.

ఈ జ్ఞానము మనపై బాధ్యతను మోపుచున్నది. 1958లో కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు హవాయి దీవిలో కొలువనారంభించిననాడు గాలిలో పదిలక్షలకు 315 పాళ్లుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటినది. ప్రకృతి కోట్లాది సంవత్సరములు శ్రమించి నేలలో పాతిపెట్టిన బొగ్గును, చమురును మనము రెండువందల యేండ్లలో తవ్వి తగులబెట్టుచున్నాము. వానలు తక్కువైన నంబులపూలకుంట ఆకాశము ఏడాదిలో అధికభాగము నిర్మలముగా నుండుటచే, అచ్చట సౌరవిద్యుత్కేంద్రములు వెలసి, పొగ లేకయే కరెంటు ఉత్పత్తి చేయుచున్నవి. సూర్యుని వెలుగును వినియోగించుకొనుటచేతనే సూక్ష్మజీవులు ఈ గాలిని మనకు సమకూర్చినవి. ఆ వెలుగునే ఆశ్రయించి ఈ గాలిని చెడకుండ నిలుపుకొనుట నేటి విద్యార్థుల తరము నెరవేర్పవలసిన కార్యము.