గోరింటాకూ, గాజు పళ్ళెమూ

నిజ్వాలో పదిహేడో శతాబ్దపు కోట పక్కనే ఉన్న సంతలో గోరింటాకు పొడి అమ్ముతారు. ఇక్కడివాళ్ళు హెన్నా అంటారు. ఈదుకీ పెళ్ళికీ చేతులకు పెట్టుకోవడం సరే, పుండ్లకూ కాలిన బొబ్బలకూ కూడా రాస్తారు. ఆషాఢంలో రోట్లో నూరి చేతులు పండించుకున్నవాళ్ళం, మనకిది వింతేమీ కాదు. "ఒంటికి చలవరా" అనేది మా అమ్మమ్మ. చలవ మాటెలా ఉన్నా, ఈ ఆకు నిజంగా క్రిముల్ని చంపుతుందా?

ఆకుల్ని ఇలా నిలదీసి అడగడం పెనిసిలిన్ వచ్చాక ఊపందుకుంది. బూజులో దొరికింది మొక్కల్లో మాత్రం ఎందుకు దొరకదని ఆశ. ఆక్స్‌ఫర్డ్‌లో ఇ.ఎం. ఆస్‌బోర్న్ సుమారు 2300 రకాల మొక్కల రసాలను పరీక్షించి 1943లో ఫలితాలు ప్రకటించారు. నేటికీ ప్రయోగశాలల్లో చేసే పరీక్ష సులువైనదే. గాజు పళ్ళెంలో అగార్ పోసి, అది గడ్డకట్టాక పైన బాక్టీరియాను పరిచి, చిన్న గుంటలు చేసి రసం పోస్తారు. ఓ రాత్రి 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే, రసం పనిచేసినచోట గుంట చుట్టూ తేటగా ఒక వలయం కనిపిస్తుంది. దాని వెడల్పును మిల్లీమీటర్లలో కొలుస్తారు.

మస్కట్‌లోని సుల్తాన్ కాబూస్ విశ్వవిద్యాలయం వారు ఒమన్‌లోని వేర్వేరు ప్రాంతాల గోరింటాకు తెచ్చి, ఆస్పత్రుల్ని వేధించే సూడోమోనాస్ ఎరుజినోసా మీద ప్రయోగించి 2011లో ప్రచురించారు. ఆకు పనిచేసింది. అందులోనూ షర్కియా ప్రాంతపు ఎండుటాకు అన్నిటికన్నా మిన్న. ఒకే మొక్క, ఒకే దేశం, అయినా నేల మారితే ఫలితం మారింది. నాకు ఆ వ్యాసంలో నచ్చిన ముక్క ఇదే.

మనవాళ్ళు తొందరపడేదీ ఇక్కడే. వలయం వెడల్పు మందు బలాన్ని ఒక్కదాన్నే చెప్పదు, రసం అగార్‌లో ఎంత దూరం పాకిందో కూడా చెబుతుంది. పైగా పళ్ళేనికి నెత్తురుండదు. గోరింటాకుకు రంగునిచ్చే లాసోన్, జి6పిడి ఎంజైము లోపించినవారిలో ఎర్ర రక్తకణాలను చిదిమెయ్యగలదు. ఒమన్ మగవారిలో దాదాపు నాలుగోవంతు మందికి ఆ లోపం ఉంది. ఆ లోపంతో పుట్టిన పసివాళ్ళకు గోరింటాకు పూస్తే ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు 2001లో వైద్యపత్రికకెక్కాయి.

మొన్న సంతలో కొట్టతన్ని "ఇది షర్కియా ఆకేనా?" అని అడిగాను. "కాదు, పాకిస్తాన్‌ది" అన్నాడు. పొట్లం మీద ఊరి పేరు లేదు, ఎప్పుడు ఎండబెట్టారో లేదు.