ముగింపు లేని పథ్యం: సీలియాక్ వ్యాధి చరిత్ర

పథ్యం అనే మాట మన ఇళ్ళలో అందరికీ పరిచితమే. కామెర్లు సోకినా, విరేచనాలు పట్టుకున్నా, పురుడు పోసుకున్నా పెద్దలు ముందుగా చెప్పేది పథ్యం సంగతే. అయితే ఆ మాటలోనే ఒక గడువు దాగి ఉంది. కొన్నాళ్ళు నోరు కట్టుకుంటే జబ్బు నయమవుతుందని, ఆ తరువాత అన్నీ తినవచ్చునని మన నమ్మకం. అందుకే సీలియాక్ వ్యాధి నిర్ధారణ అయిన ఒక పాప తల్లి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నాళ్ళు డాక్టరు గారూ?" అన్నదే. "జీవితాంతం అమ్మా" అన్నాను. ఆమె ముఖంలో దుఃఖం కంటే అపనమ్మకమే ఎక్కువగా కనిపించింది. పక్కనే కూర్చున్న అమ్మమ్మ గారు, "గడువు లేని పథ్యం ఎక్కడైనా ఉంటుందా నాయనా?" అన్నారు.

ఆ పెద్దావిడ సందేహాన్ని తేలికగా తీసివేయలేము. పథ్యంతో బిడ్డ కోలుకున్నాక వ్యాధి పోయినట్లేనని కొందరు పేరుమోసిన వైద్యులు కూడా ఎంతోకాలం నమ్మారు. ఆ నమ్మకానికి పిల్లలు మూల్యం చెల్లించారు. ఆ చరిత్ర తెలిస్తే "జీవితాంతం" అన్న మాట ఎందుకు అనవలసి వస్తుందో బోధపడుతుంది.

వ్యాధి స్వరూపం

గోధుమపిండిని ముద్దగా కలిపి, ధారగా పడే నీటి కింద పిసికి కడిగితే తెల్లని పిండిపదార్థం కొట్టుకుపోయి, సాగే బంకలాంటి ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్ అనే మాంసకృత్తు. చపాతీ సాగడానికి, రొట్టె పొంగి నిలవడానికి అదే కారణం. బార్లీలోను, రై అనే ధాన్యంలోను దీనికి దగ్గరి మాంసకృత్తులే ఉంటాయి.

జన్యుపరంగా అవకాశమున్న కొందరిలో ఈ గ్లూటెన్‌పై శరీర రక్షణ వ్యవస్థ తిరగబడుతుంది. ఆ పోరులో దెబ్బతినేది సొంత చిన్నపేగే. ఆహారసారాన్ని పీల్చుకునే ఆంత్ర చూషకాలు అరిగి చదునైపోతాయి. బిడ్డ తింటూనే ఉంటుంది, కాని ఒంటికి పట్టదు. పొట్ట ఉబ్బి, కాళ్ళు చేతులు పుల్లల్లా మారి, జిడ్డుతో కూడిన విరేచనాలు అవుతాయి. కొందరిలో విరేచనాలే ఉండవు. ఎంత ఐరన్ మందు వాడినా తగ్గని రక్తహీనత, ఎదగని ఎత్తు మాత్రమే కనిపిస్తాయి.

పేరు పాతది, కారణం తెలియనిది

క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో కప్పదోకియా ప్రాంతానికి చెందిన గ్రీకు వైద్యుడు అరెటేయస్, తిన్నది జీర్ణం కాక అలాగే బయటకు పోయే ఒక దీర్ఘవ్యాధిని వర్ణించాడు. గ్రీకులో పొట్టకు ఉన్న 'కోయిలియా' అనే మాట నుండి దానికి పేరు పెట్టాడు. ఆ పేరునే స్వీకరించి, 1887లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ తన ప్రసంగంలో ఈ వ్యాధిని ఆధునిక వైద్యానికి పరిచయం చేశాడు. మరుసటి సంవత్సరం అది అచ్చయింది. ఏ వయసు వారికైనా రావచ్చునని, ముఖ్యంగా ఏడాది నుండి అయిదేళ్ళ లోపు పిల్లలను పట్టి పీడిస్తుందని ఆయన గుర్తించాడు. ఈ రోగికి నయమయ్యే మార్గమంటూ ఉంటే అది ఆహారం ద్వారానే అని కూడా తేల్చి చెప్పాడు. మందులు కావు, తిండే కీలకమన్న ఆ ఊహ నూటికి నూరుపాళ్ళూ నిజమైంది.

కాని ఏ తిండి? ఇక్కడే గీ పొరబడ్డాడు. పిండిపదార్థాలు ఎక్కువగా ఉండే బియ్యం, సగ్గుబియ్యం పనికిరావన్నాడు. పల్చగా కోసి రెండువైపులా బాగా కాల్చిన రొట్టెను మాత్రం అనుమతించాడు. అంటే హాని చేయని అన్నాన్ని నిషేధించి, హాని చేసే గోధుమను పళ్ళెంలోనే ఉంచాడన్నమాట. ఆయన చూసిన ఒక బిడ్డ రోజూ హాలెండు నుండి వచ్చే ఆల్చిప్పల మాంసం తింటూ చక్కగా కోలుకుంది. వాటి కాలం ముగియగానే వ్యాధి తిరగబెట్టింది. మరుసటి ఏడాది ఆ బిడ్డ వాటిని ముట్టనే లేదు. ఆల్చిప్పలలో మహిమ ఏదో ఉందనుకోవడం ఆనాడు సహజం. అవి తిన్నన్నాళ్ళు పళ్ళెంలో ఏది తగ్గిందో అడగాలన్న ఆలోచన అప్పటికి ఎవరికీ రాలేదు.

అరటిపండ్ల కాలం

1924లో న్యూయార్కు పిల్లల వైద్యుడు సిడ్నీ హాస్ ఈ వ్యాధికి అరటిపండ్ల ఆహారాన్ని ప్రకటించాడు. రొట్టె, బిస్కట్లు, బంగాళాదుంప, సమస్త ధాన్యాలు మానిపించి, బాగా మగ్గిన అరటిపండ్లు, పాలు, మాంసం పెట్టించాడు. చావుకు దగ్గరైన పిల్లలు కూడా లేచి ఆడుకోసాగారు. ఆ పద్ధతి కొన్ని దశాబ్దాలు రాజ్యమేలింది. ఎందరో పిల్లల ప్రాణాలు నిలబెట్టిన ఘనత దానిది.

అయితే బిడ్డలను బ్రతికించింది అరటిపండు కాదు, గోధుమ లేకపోవడం. ఆ సంగతి హాస్ గ్రహించలేదు. గ్లూటెన్ సంగతి బయటపడిన తరువాత కూడా ఆయన తన అభిప్రాయం మార్చుకోలేదు. తన పథ్యంతో వ్యాధి శాశ్వతంగా నయమవుతుందనే ఆయన నమ్మకం. అందుచేత కోలుకున్న పిల్లలు మళ్ళీ రొట్టెకు మళ్ళారు. పైకి కొన్నేళ్ళు బాగానే ఉన్నా, లోపల పేగు మళ్ళీ దెబ్బతినసాగింది. ఫలితం సరైనదై, కారణం తప్పైతే ఎంత ప్రమాదమో చెప్పడానికి వైద్యచరిత్రలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

ఒక తల్లి మాట, ఒక దేశపు ఆకలి

అసలు కారణాన్ని పట్టుకున్నవాడు హాలెండు దేశస్థుడు విల్లెం కారెల్ డిక్. 1905లో జన్మించి, 31 ఏళ్ళకే హేగ్ నగరంలోని జూలియానా పిల్లల ఆసుపత్రికి అధిపతి అయ్యాడు. ఆహారం నుండి రొట్టె తీసేస్తే తన బిడ్డకు నెమ్మదిస్తోందని, పెడితే తిరగబెడుతోందని ఒక తల్లి చెప్పిన మాట ఆయనను ఆలోచింపజేసిందని ఆయన సహచరులు చెప్పారు. ఆ మాటను పుస్తకాలు చదవని ఆడమనిషి భ్రమగా ఆయన కొట్టివేయలేదు. 1930ల నుండే గోధుమ లేని ఆహారాన్ని ప్రయత్నించి, 1941లో మొదటి వ్యాసం ప్రచురించాడు.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. 1944-45 శీతాకాలంలో జర్మను ఆక్రమణలో ఉన్న పశ్చిమ హాలెండుకు ఆహార సరఫరా నిలిచిపోయింది. జనం చక్కెర దుంపలు, చివరికి ట్యులిప్ పూల దుంపలు కూడా ఉడికించుకు తిన్నారు. సుమారు 20 వేల మంది మరణించిన ఆ కాలాన్ని డచ్చివారు నేటికీ ఆకలి శీతాకాలమనే పిలుస్తారు. దేశమంతా శుష్కించిపోతుంటే, ఆసుపత్రిలోని సీలియాక్ పిల్లలు మాత్రం రొట్టె లేని ఆ రోజులలో తేరుకున్నారు. యుద్ధం ముగిసేవేళ రొట్టె తిరిగి రాగానే వారికి విరేచనాలు తిరిగి వచ్చాయి. డిక్‌కు అంతకుముందే ఉన్న అనుమానాన్ని ఆ కరవు బలపరచింది.

కరవు చెప్పిన సాక్ష్యంతో ఆయన తృప్తిపడలేదు. యుద్ధానంతరం యూట్రెక్ట్ నగరంలో వైయర్స్ అనే వైద్యునితోను, వాన్ డి కామర్ అనే రసాయన శాస్త్రవేత్తతోను కలిసి పనిచేశాడు. మలంలో పోయే కొవ్వును కచ్చితంగా కొలిచే పద్ధతిని కామర్ రూపొందించాడు. పిల్లల ఆహారంలో ఒక్కొక్క ధాన్యాన్ని చేరుస్తూ, తీసివేస్తూ కొవ్వును, బరువును నెలల తరబడి నమోదు చేశారు. గోధుమ, రై హాని చేస్తాయని, బియ్యం చేయదని అంకెలతో తేలింది. 1950లో డిక్ తన పరిశోధన గ్రంథాన్ని విశ్వవిద్యాలయానికి సమర్పించాడు. 1952లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వైద్యబృందం గోధుమపిండిని కడిగి వేరుచేసి పరీక్షించి, దోషం పిండిపదార్థానిది కాదు, గ్లూటెన్‌దే అని ధ్రువపరచింది. డిక్ 1962లో, ఇంకా అరవై నిండకుండానే కన్నుమూశాడు.

పేగు లోపలికి చూపు

1954లో పాలీ అనే ఇంగ్లీషు వైద్యుడు, శస్త్రచికిత్సలో తీసిన పేగు ముక్కలలో చూషకాలు దెబ్బతిని ఉండడం గమనించాడు. రెండు మూడేళ్ళలోనే, కోత లేకుండా నోటిద్వారా గొట్టం పంపి పేగు నుండి చిన్న ముక్క తీసే పరికరాలు వచ్చాయి. అప్పుడు అసలు సత్యం కంటికి కనబడింది. గ్లూటెన్ మానితే చూషకాలు తిరిగి మొలుస్తాయి. మళ్ళీ తింటే, బిడ్డ పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్నా, అవి మళ్ళీ నశిస్తాయి. హాస్ చెప్పిన శాశ్వత నివారణ అనే మాటకు ఇక్కడితో చెల్లుచీటీ పడింది. పథ్యం తాత్కాలిక నియమం కాదని, అదే ఔషధమని స్థిరపడింది. 1997లో ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే ఎంజైముపై శరీరం యాంటీబాడీలను తయారుచేస్తోందని జర్మను శాస్త్రవేత్తలు కనుగొన్నారు. నేడు మొదట చేయించే రక్తపరీక్షకు ఆధారం అదే.

అన్నం తినే మనకు దీనితో ఏమి పని?

మన దేశంలో 1966 నాటికే ఉత్తరాది పిల్లలలోని సీలియాక్ వ్యాధి గురించి వైద్యపత్రికలలో వచ్చింది. ఇది గోధుమ తినేవారి జబ్బని, మనకు సంబంధం లేదని దక్షిణాదిలో చాలాకాలం భావించాము. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఇందులో సగమే నిజమని తెలిపింది. ఉత్తరాదిన నూటికి ఒకరికి పైగా ఈ వ్యాధి కనిపించగా, దక్షిణాదిన వెయ్యికి ఒకరిలో కనిపించింది. కాని దానికి అవసరమైన జన్యువులు రెండుచోట్లా ఇంచుమించు సమానంగానే ఉన్నాయి. పెద్ద తేడా తినే గోధుమ పరిమాణంలో కనిపించింది.

ఆ జన్యువులున్న అందరికీ వ్యాధి రాదు. కనుక ఆరోగ్యవంతులు గోధుమను చూసి భయపడనక్కరలేదు. కాని రాత్రి అన్నం స్థానంలో చపాతీ, పిల్లల చేతిలో బిస్కట్లు, నూడుల్స్ చేరిన ఈ రోజులలో, ఎదగని బిడ్డను చూసినప్పుడు తెలుగు వైద్యునికి కూడా ఈ అనుమానం రావాలి. ఒక ముఖ్య హెచ్చరిక: పరీక్షకు ముందే గోధుమ మాన్పించకండి. మానితే యాంటీబాడీలు తగ్గి, చూషకాలు కోలుకుని, పరీక్ష తప్పుగా రావచ్చు. అనుమానంతో మొదలైన పథ్యం అనుమానంగానే మిగిలిపోతుంది.

మన వంటిల్లు ఇచ్చే వరం, పెట్టే పరీక్ష

రొట్టె మీద బ్రతికే దేశాల తల్లులతో పోలిస్తే మన తల్లులు అదృష్టవంతులు. అన్నం, ఇడ్లీ, దోసె, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి, సజ్జలు అన్నీ క్షేమమే. కాని గోధుమ మన వంటింట్లో మారుపేర్లతో తిరుగుతుంది. బొంబాయి రవ్వ, సేమియా, మైదా గోధుమే. అంగట్లో దొరికే ఇంగువ పొడిలో తరచుగా మైదా కలుపుతారు. మాల్ట్ అంటే సాధారణంగా బార్లీయే. ఇంట్లో జొన్నలు ఆడించినా, మర అంతకుముందు గోధుమలు ఆడినదైతే ఆ పిండి పనికిరాదు. గ్లూటెన్ రహితమని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదన్న ప్రమాణాన్ని బట్టి, ఎంత కొంచెమైనా లెక్కలోకి వస్తుందని గ్రహించవచ్చు.

అన్నిటికంటే కష్టమైనది నాలుకను కాదు, మనసును కట్టుకోవడం. పుట్టినరోజున కేకు వద్దనాలి. పండుగకు మైదా బొబ్బట్టు వద్దనాలి. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు కనుక దానిని కళ్ళకద్దుకుని పక్కవారికి ఇచ్చెయ్యాలి. "దేవుడి ప్రసాదం, ఒక్క పలుకు నోట్లో వేసుకుంటే ఏమవుతుంది?" అనే పెద్దలు ప్రతి ఇంట్లోను ఉంటారు. వారిది ప్రేమే. సిడ్నీ హాస్‌కు కూడా తన రోగులపై ప్రేమకు లోటు లేదు.

నేను మొదట చెప్పిన అమ్మమ్మ గారు ఏడాది తరువాత పాపను తీసుకుని వచ్చారు. పాప ఎత్తు పెరిగింది, బుగ్గలు నిండాయి. "ఇక మానేయవచ్చునా?" అని అడుగుతారేమో అనుకున్నాను. ఆవిడ అడగలేదు. సంచిలో నుండి చిన్న డబ్బా తీసి, "ఇది ముద్ద ఇంగువ నాయనా. రాయిలా గట్టిగా ఉంది, పొడి కాదు. దీనిలో ఏమైనా కలిసి ఉంటుందా, చూసి చెప్పు" అన్నారు.